మా అత్తయ్య నాకిచ్చిన పగ

మా అత్తయ్య పోయారు. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున కాఫీలో పంచదార తక్కువైందని నన్ను కేకేసి, నేను డబ్బా తెచ్చేలోపే కుర్చీలో తల వాల్చేశారు. గురజాల ఆసుపత్రి దాకా తీసుకెళ్ళే అవసరం కూడా రాలేదు. చూడవచ్చినవాళ్ళంతా "అదృష్టవంతురాలు, ఎవరి చేతా చేయించుకోకుండా పోయింది" అన్నారు. "మంచి మనిషి" అని మాత్రం ఎవరూ అనలేదు. ఆవిడకు ఆ పేరు లేదు.

మా అత్తయ్య పగ పట్టే మనిషి. దాచటం దేనికి? ఎదురింటావిడ జంతికల గొట్టం అడిగి తీసుకెళ్ళి బిళ్ళ పోగొట్టి ఇచ్చిందని, ఆవిడ కూతురి పెళ్ళికి వెళ్ళి చదివింపులు చదివించి, మంచినీళ్ళు కూడా ముట్టకుండా వచ్చేశారు. కాపురానికొచ్చిన కొత్తలో నేనూ ఆ కంట్లో పడ్డాను. ఊరగాయ జాడీలో తడి గరిటె పెట్టానని ఆ ఏడాదంతా నన్ను పచ్చడి వడ్డించనివ్వలేదు. "క్షమించటం చేతగాక కాదే, మర్చిపోవటం చేతగాదు నాకు" అనేవారు.

అలాంటి మనిషి మీద నాకు భయం పోయి ప్రేమ పుట్టింది నా కూతురి వల్ల.

చిట్టికి మూడేళ్ళప్పుడు ఆటిజం అన్నారు. పిలిస్తే తిరగదు, కళ్ళలోకి చూడదు, సంతోషమొస్తే చెవుల దగ్గర వేళ్ళు గబగబా ఆడిస్తుంది. నరసరావుపేటలో మందులషాపు పైన ఒక థెరపీ సెంటర్ ఉందని తెలిసి, నేనూ అత్తయ్యా దాన్ని బస్సులో తీసుకెళ్ళేవాళ్ళం. సెంటర్ నడిపే సార్ చిట్టిని చిన్న కుర్చీలో కూర్చోబెట్టి, చిప్స్ ముక్క తన కంటి పక్కన పట్టుకుని "నన్ను చూడు" అనేవాడు. చూస్తే ముక్క దాని అరచేతిలో పెట్టేవాడు. చూడకపోతే లేదు. వేళ్ళు లేచాయంటే "చేతులు కిందికి" అంటూ రెండు చేతులూ పట్టి తొడల మీద అదిమేవాడు. ఏడిస్తే ఏడవనివ్వాలి, పట్టించుకోకూడదు, బిహేవియర్ మారాలంటే అంతే అనేవాడు. మేము అద్దం తలుపు ఇవతల నిలబడి చూసేవాళ్ళం. ఆయన అని రాయటం మర్యాదని నాకూ తెలుసు. రాయబుద్ధి కావటం లేదు.

కొన్ని నెలలకి చిట్టి చూడటం నేర్చుకుంది. అందరూ మెచ్చుకున్నారు. మా ఆయన స్వీట్లు పంచారు. ఒకరోజు తిరుగు బస్సులో, పిడుగురాళ్ళలో ఎక్కిన ఒక పెద్దాయన మా ఎదుటి సీట్లో కూర్చున్నాడు. చిట్టి ఆయన కళ్ళలోకి రెప్ప వెయ్యకుండా చూసి, అరచెయ్యి చాపింది. చిప్స్ ముక్క కోసం. ఆయన "అయ్యో తల్లీ" అంటూ జేబులోంచి రూపాయి తీసి దాని చేతిలో పెట్టాడు.

ఆయన తప్పేమీ లేదు. బస్సులో చెయ్యి చాపిన పిల్లకి ఎవరైనా అదే పెడతారు. అత్తయ్య ఆ రూపాయి తీసి ఆయనకి తిరిగిచ్చేసి, చిట్టి చేతిని తన కొంగులో చుట్టి పట్టుకున్నారు. ఊరొచ్చేదాకా ఆ చెయ్యి వదల్లేదు. బస్సు దిగాక అన్నారు.

"నా మనవరాలికి అడుక్కోటం నేర్పాడే వాడు. వాణ్ణి నేనొదల."

తర్వాతి వారం సెంటర్లో అద్దం తలుపు తోసుకుని లోపలికి వెళ్ళారు. సార్ ఎదురుగా కూర్చుని, బల్ల మీది చిప్స్ ప్యాకెట్ లాక్కుని, ఒక ముక్క తన కంటి పక్కన పట్టుకున్నారు.

"నా వంక చూడు నాయనా."

సార్ నవ్వాడు. "ఏంటమ్మా ఇది?"

"నవ్వితే ఇయ్యను. చూడు. ఆఁ, కళ్ళు దించమాక. ఆ పెన్ను తిప్పుతావేంది? చేతులు కిందికి!"

వాడు నిజంగానే వేళ్ళ మధ్య పెన్ను తిప్పుతున్నాడు. మొహం ఎర్రబడింది. బయట కూర్చున్న తల్లులు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

"మీకు సైన్స్ తెలియదమ్మా" అన్నాడు.

"తెలవదు. సిగ్గు తెలుసు" అని చిట్టిని చంకనేసుకుని వచ్చేశారు.

మెట్ల మీద, చిలకలూరిపేట నుంచి కొడుకుని తీసుకొచ్చే ఒక తల్లి మమ్మల్ని ఆపింది. "మీరట్టా అంటే ఎట్టా పిన్నీ? మావాడు చొక్కా తొడుక్కోటం, దాహమైతే అడగటం ఈడే నేర్చుకున్నాడు. రేపు నేను పోయాక వాణ్ణి ఎవరు చూస్తారు?" ఆ మాటకు అత్తయ్య చిట్టిని చంకలోంచి దించారు. ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, "నేర్పమను తల్లీ. వంచొద్దను" అన్నారు.

ఆ తల్లి అబద్ధం చెప్పలేదు. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఈ గొడవ ఇప్పటికీ తెగదు. ఈ థెరపీ లేకపోతే మా బిడ్డ ఏమైపోయేదో అనేవాళ్ళు ఒకవైపు, చిన్నప్పుడు మమ్మల్ని ఇలాగే నలిపేశారని రాసే, ఆటిజంతో పెరిగి పెద్దవాళ్ళైనవాళ్ళు ఇంకోవైపు. అందరూ ఒకలా చెయ్యరన్నదీ నిజమే. తర్వాత మేము గుంటూరులో చూపించినావిడ నేల మీద కూర్చుని, చిట్టి ఆడే ఆటే తనూ ఆడుతూ నేర్పేది. న్యాయంగా రాయాలంటే ఇదంతా రాయాలి కాబట్టి రాశాను. నా కోపం మాత్రం తగ్గలేదు.

ఇంట్లో అత్తయ్య చిట్టికి వీపు పెట్టి కూర్చుని, చింతపండు గింజ తీస్తూ కబుర్లు చెప్పేవారు. "అది మీ వంక చూడట్లేదు కదత్తయ్యా, వింటుందంటారా?" అని అడిగితే, "రేడియో ఇనేటప్పుడు రేడియో కళ్ళల్లోకి చూస్తామా ఏంది?" అన్నారు. సెంటర్ మానేసినా చానాళ్ళు చిట్టి వేళ్ళు లేవలేదు. ఒక మధ్యాహ్నం చింతగింజలు స్టీలు పళ్ళెంలో జలజలా పడేసరికి, చెవుల దగ్గర వేళ్ళు ఒక్కసారి ఆడాయి. అత్తయ్య గింజలన్నీ దోసిట్లోకి ఎత్తి మళ్ళీ పోశారు. మళ్ళీ పోశారు. ఆవిడ ఏడవటం నేను చూసింది ఆ రోజే. ఆ రోజుకి నేను ఆవిడకెంత రుణపడ్డానో ఆవిడకి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పనిచ్చే మనిషీ కాదు.

నగలు తన కూతురికిచ్చారు. నాకు పగ వదిలి వెళ్ళారు.

పెద్దకర్మకి ఆ సార్ వచ్చాడు. మా ఆయనతో కాలేజీలో చదివిన పరిచయం. ఫొటోకి దండ వేసి, రెండో పంక్తిలో భోజనానికి కూర్చున్నాడు. నేను పప్పు వడ్డిస్తున్నాను. నానమ్మ పోయిన్నాటి నుంచీ ఆవిడ కోసం ఇల్లంతా తిరుగుతున్న చిట్టి, షామియానా కింద నిలబడి చెవుల దగ్గర వేళ్ళు ఆడిస్తోంది. సంతోషానికైనా దుఃఖానికైనా దానికి ఉన్నవి ఆ వేళ్ళే.

సార్ విస్తరి ముందు నుంచే నవ్వుతూ అన్నాడు. "చిట్టీ, చేతులు కిందికి."

చిట్టి ఆ గొంతు విని ఏళ్ళయింది. ఇప్పుడు తొమ్మిదేళ్ళ పిల్ల. రెండు చేతులూ టక్కున తొడలకి అంటుకుపోయాయి.

"చూశారా" అన్నాడు పక్కాయనతో, "ఇంకా మర్చిపోలేదు."

నేను పప్పు గిన్నె కింద పెట్టాను. "లేవండి" అన్నాను.

"ఏమైందమ్మా?"

"లెగు. ఇస్తరి ముందు నుంచి లెగు."

మా మామగారి అన్నగారు పరుగెత్తుకొచ్చారు. "తినే ఇస్తట్లోంచి లేపగూడదమ్మాయ్. పగోణ్ణయినా లేపరు. పాపం చుట్టుకుంటది." నిజమే. మా వైపు నెత్తురు కళ్ళజూసిన ఇళ్ళలో కూడా ఆ పని చెయ్యరు. మా అత్తయ్య కూడా చేసేవారు కాదు.

"నాకే చుట్టుకోనీయండి మావయ్యా" అన్నాను. మా ఆయన తల దించుకున్నారు గానీ నన్ను ఆపలేదు.

వాడు లేచాడు. చెయ్యి కడుక్కోమని ఎవరో చెంబు అందించబోతే నేను లాక్కున్నాను. పంక్తంతా తినటం ఆపి చూసింది.

ఆ సాయంత్రం దాకా చిట్టి చేతులు తొడల మీంచి లేవలేదు. అన్నం నేనే కలిపి పెట్టాను. పాపం చేశానని బంధువులు ఇప్పటికీ అంటున్నారు. అననీ. నా కళ్ళలో మాత్రం ఆ మనిషే ఉన్నాడు. పప్పన్నం అంటిన కుడిచెయ్యి తెల్లచొక్కాకి తగలకుండా గాలిలో ఎత్తి పట్టుకుని, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఎడమచేత్తో కారు తలుపు తడుముకుంటూ ఉన్నాడు.