టిఫిన్ డబ్బాలో కోడి సేమియా

ఎనభైల మొదట్లో నేను వరంగల్ దగ్గరి ఒక ఊరి బడిలో టీచరుగా చేరాను. మధ్యాహ్నం ఆడ టీచర్లమందరం చాప మీద కూర్చుని డబ్బాలు విప్పుకునేవాళ్లం. ఒకరి పప్పు ఇంకొకరికి, ఒకరి తొక్కు అందరికీ. నాకూ పెట్టేవారు, పెట్టలేదని అబద్ధమాడను. కానీ మా ఇల్లు మాదిగవాడలో అని తెలిసిన నాటి నుంచి నా డబ్బాలోది మాత్రం ఎవరూ ముట్టలేదు. "అయ్యో, కడుపు నిండింది టీచర్" అనేవారు. రోజూ అందరికీ ఒకేసారి కడుపు నిండుతుందా? ఒళ్లు మండేది.

ఒకనాడు అమ్మ అడిగితే చెప్పేశాను. అమ్మకు కోపం రాలేదు.

"మన వంకాయ కూర ఎవలకు కావాలె బిడ్డా? వాళ్ల ఇండ్లల్ల లేనిది చేసి పంపుత. ఎట్ల తినరో చూస్త" అంది.

అమ్మ పంతం పడితే అంతే. పక్కింటి చాచీ దగ్గర సేమియా మిషను అడిగి తెచ్చింది. గోధుమపిండి తడిపి, నేను పిడి తిప్పుతుంటే కిందికి దిగే పోగులను అందుకుని, నులక మంచం మీద పాత చీర పరిచి ఆరేసింది. తెల్లారకముందే పుంజును కోసి, అల్లం, ఎల్లిగడ్డ, మిరియాలు వేసి ఉడికించింది. నూనెలో ఎర్రగా వేయించిన సేమియాను ఆ రసంలో వేసింది. సేమియా అంటే పాయసమే అనుకునే రోజులవి. వాసనకు వాడ పిల్లలు తలుపు దగ్గర చేరితే "ఆగుండ్రి, ముందుగాల టీచర్లకు" అని గదమాయించింది.

మధ్యాహ్నం బడిలో మూత తీయగానే అందరి ముఖాలూ ఇటు తిరిగాయి. పెద్ద టీచరమ్మ మెత్తగా అంది, "అయ్యో, ఇయ్యాల శనివారం గదా. మేం ముట్టం."

నెత్తి కొట్టుకున్నాను. మా ఇంట్లో వారాలెక్కడివి? కోడి దొరికిన రోజే కూర. శనివారం సంగతి అమ్మకూ నాకూ తట్టనే లేదు. నిజం చెప్పాలంటే నాకు ప్రాణం లేచొచ్చింది. అడ్డం వచ్చింది వారమే గానీ మేం కాదు అనుకున్నాను. ఇంటికొచ్చి చెబితే అమ్మా అదే అంది. "మనదే తప్పు బిడ్డా. బుధారం మళ్ల చేస్త."

ఇంట్లో ఇక మిగిలింది గుడ్లు పెట్టే పెట్ట ఒక్కటే. వద్దమ్మా అన్నాను.

"గుడ్లదేమున్నది? నువ్వు నలుగురిల కలిసి తినాలె" అని దాన్నీ కోసింది.

బుధవారం అందరూ డబ్బా మూతల్లో పెట్టించుకున్నారు. పెద్ద టీచరమ్మయితే "మస్తు వాసనొస్తాంది, ఎట్ల చేసిండ్రు?" అని కూడా అడిగింది. చెబుతుంటే మాట తడబడింది, అంత సంతోషం నాకు. ఇంతలో వరండాలో పిల్లలు కొట్టుకుంటుంటే వెళ్లి విడదీసి వచ్చాను. వచ్చేసరికి మూతలన్నీ ఖాళీ.

డబ్బా కడుక్కుందామని బోరింగు దగ్గరికి వెళ్లాను. గోడ వెనక ఒక కుక్క తోకాడిస్తూ తింటోంది. సేమియా, కోడి ముక్కలు, అన్నీ. ఒక్క ముక్కనూ ఎవరూ కొరకలేదు. అక్కడే నిలబడి చూశాను. డబ్బా కడుక్కుని క్లాసుకు వెళ్లిపోయాను.

సాయంత్రం అమ్మ గడపలోనే కూర్చుని ఉంది. నా చేతిలోని డబ్బా లాక్కుని మూత తీసి చూసింది.

"అందరు తిన్నరా?"

"తిన్నరమ్మా. వేళ్లు నాకిండ్రు."

"నేను చెప్పలే? మంచోళ్లే బిడ్డా వాళ్లు. నువ్వే ఊకె కోపం చేస్తవు" అంది. అని, ఇంకో పెట్టను పెంచుదామని చాచీని కోడిపిల్ల అడగడానికి పోయింది.