ముద్ర వేయని చేయి

పాత వెండి నగ ఏదైనా సరే, బోర్లించి చూస్తేనే గాని భూతద్దం బాబాయ్ నోరు విప్పడు. ముందువైపు ఎంత ముచ్చటగా ఉన్నా ఆయనకు అనవసరం. నగ వెనక, సూది కీలు పక్కనో కొక్కెం కిందో, చీమ తలంత ముద్రలుంటాయి. ఒకటి వెండి శుద్ధికి, ఒకటి చేసినవాడికి. పాత నగల కొట్టులో తన మూల బల్ల దగ్గర కూర్చుని, కంటికి కటకం తగిలించుకుని, ఊపిరి బిగబట్టి వాటిని చూస్తాడు. సుత్తితో కొట్టిన ముద్రైతే అంచుల్లో వెండి ఒత్తుకుని పైకి లేస్తుంది. అసలు నగకు అచ్చు తీసి పోతపోసిన నకిలీలో ఆ అంచులు అరిగిన సబ్బు మీది అక్షరాల్లా మొద్దుబారి ఉంటాయి. "ఇది పోత ముద్ర. తీసుకెళ్ళి పిల్లలకు ఆడుకోడానికివ్వండి," అని మొహాన కొట్టినట్టు చెప్పేస్తాడు. అందుకే బజారులో ఆయనంటే గౌరవమూ ఉంది, ఆయన వస్తుంటే పక్కకు తప్పుకోవడమూ ఉంది.

బజారు మొత్తానికి బాబాయే గాని, ఇంటికెళ్తే "వచ్చారా" అని అడిగే మనిషి లేదు. భార్య పోయిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో ఆయన దగ్గు ఆయనకే వినపడుతుంది.

ఆవిడది ఎనామిల్ బాగుచేసే పని. ఎనామిల్ అంటే గాజుపొడిని వెండి మీద మంటలో కరిగించి పరిచిన రంగు. పాత నగలో అది పెచ్చు లేచిందంటే మళ్ళీ మంటలో పెట్టడానికి లేదు, ఉన్నదీ పోతుంది. అందుకని ఎవరెవరో ఇంటికి తెచ్చిచ్చే నగల్ని ఆవిడ కిటికీ పక్కన పెట్టుకుని, జిగురులో రంగు కలిపి, సన్నటి కుంచెతో ఆ గుంటలు నింపేది. "దెబ్బ తగిలినంతవరకే నింపాలండీ. పక్కనున్న పాత రంగు మీద ఆవగింజంత కూడా పడకూడదు," అనేది. మిగతావాళ్ళంతా చుట్టూ పులిమేసేవాళ్ళు. చేసినవాడు ముద్ర వేసుకుంటాడు, బాగుచేసినవాళ్ళు వేసుకోరు. చెయ్యి పడిందని ఎవరికీ తెలియకపోవడమే వాళ్ళ గొప్ప.

మధ్యాహ్నం ఆయనకు కారేజీ ఇవ్వడానికి కొట్టుకొచ్చినప్పుడు ఆవిడ బల్ల మీది పళ్ళెంలోకి ఓ చూపు చూసి, తనలో తనే నవ్వుకుంటూ వెళ్ళిపోయేది. రాత్రి వడ్డిస్తూ మొదలెట్టేది.

"ఇవాళ మీ పళ్ళెంలో నాదొకటుంది."

"కోతలు కొయ్యకు. ఉంటే నాకు కనపడదా?"

"ఓడిపోయానని ఒక్కమాట అనండి, చూపిస్తా."

ఆయన అనలేదు. అంటే నోటి ముత్యాలు రాలిపోతాయా? అనలేదు. తన కన్ను మీద తనకున్న పొగరు అలాంటిది. ఆవిడ చూపించకుండానే ఓ వానాకాలం జ్వరంలో పోయింది. ఆ తర్వాత ఆయన ఇల్లంతా గాలించాడు. కుంచెలున్నాయి, రంగు సీసాలున్నాయి, ఆవిడ చేసిన పని మాత్రం ఒక్కటీ లేదు. అదంతా పరాయివాళ్ళ నగల మీద ఎక్కడెక్కడికో పోయింది. ఒక్కటంటే ఒక్కటి కంటపడితే చాలని, అప్పట్నుంచీ వచ్చిన ప్రతి ఎనామిల్ నగనూ కళ్ళలో వత్తులు వేసుకుని చూస్తున్నాడు. దొరికినవన్నీ మొరటు చేతుల పనులే.

కొట్టు పెట్టిన పెద్దాయన కూడా పోయాడు. ఇప్పుడది ఆయన కూతురిది. ఆ అమ్మాయి ఓ రోజు చేతిలో పట్టేంత ఊదారంగు లైటొకటి తెచ్చింది.

"దొంగనోట్లు పట్టుకునే లైటే బాబాయ్. అసలు ఎనామిల్ మీద వేస్తే ఏం కాదట, జిగురుంటే తెల్లగా మెరుస్తుందట."

"నాకు కళ్ళు పోయాయని ఎవరన్నారు?"

"అబ్బ, ఊరికే చూద్దాం రండి," అంటూ చీకటి కోసం మిట్టమధ్యాహ్నం షట్టర్ దించేసింది.

మరమ్మతు చేశారని ఆయన పొద్దున్నే తేల్చిన పిన్ను మీద లైటు వేస్తే, పాలు ఒలికినట్టు పెద్ద తెల్లమరక. "అది కటకంతోనే చెప్పానుగా," అని ఆయన మూతి తిప్పాడు. అప్పుడా అమ్మాయి అద్దాల బీరువాలోంచి నీలిపిట్ట లాకెట్టు తీసింది. అదంటే ఆయనకు ప్రాణం. దాని వెనక ముద్ర పిచ్చుక. ముద్ర వేసే అచ్చు విరిగి పిచ్చుకకు తోక తునిగింది, ఆ తోకను బట్టే చేసినవాణ్ణి పట్టుకున్నాడు. ముందువైపు రంగు మీద ఎవరి చెయ్యీ పడలేదని పెద్దాయనకు ఢంకా బజాయించి చెప్పిందీ ఆయనే. పెద్దాయన దాన్ని అమ్మడానికి మనసొప్పక అట్టే పెట్టుకున్నాడు.

లైటు పిట్ట మీదికి జరిగింది. రెక్క చివర తెల్లగా వెలిగింది.

ఆ అమ్మాయి గతుక్కుమంది. "లైటు నాసిరకందనుకుంటా బాబాయ్."

ఆయన లాకెట్టు అందుకుని, షట్టర్ సందులోంచి పడుతున్న ఎండలో కటకం పెట్టి చూశాడు. నీలం. అంతా ఒకటే నీలం. మళ్ళీ లైటు కిందికి తెచ్చి చూశాడు. విరిగిన గాజు అంచు ఎన్ని వంకర్లు తిరిగిందో ఆ తెల్లటి వెలుగూ అన్ని వంకర్లు తిరిగింది. ఎక్కడా దాటలేదు. ఆవగింజంత కూడా పక్కన పడలేదు. ఇన్నాళ్ళ పరువు పోయిందని సిగ్గుపడాల్సిన మనిషికి పట్టలేనంత సంతోషం వచ్చింది. ఆ వెనకే ఏడుపొచ్చింది.

"ఎవరి పని బాబాయ్ ఇది?"

ఎంతమంది చేతుల్నో గుర్తుపట్టి చెప్పిన మనిషి లాకెట్టును గుప్పిట్లో మూసుకున్నాడు.

"ఓడిపోయానే," అన్నాడు, పక్కనెవరో ఉన్నట్టు.

"ఒక్కదానికి ఓడిపోవడమేంటి బాబాయ్? లాకెట్టు చీటీ మీద మరమ్మతు అయిందని రాసేస్తే సరి," అంటూ ఆ అమ్మాయి షట్టర్ ఎత్తబోయింది.

"అప్పుడే ఎత్తకమ్మా. ఇది మా ఆవిడ పని. పైన అమ్ముడుపోని నగల పాత పళ్ళేలున్నాయే, అవన్నీ దింపు." ఆయన కళ్ళు తుడుచుకుని కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "ఓడిపోయానంటే చూపిస్తానంది."