కాలు నాదండీ, నాతో చెప్పండి

నరసరావుపేట నుంచి మాచర్ల వెళ్లే బస్సులో ఇరవై ఏళ్లుగా కండక్టరు బసవమ్మ. నలభై తొమ్మిదో ఏట ఆమె ఎడమ పిక్క మీద నరాలు తాళ్లలా మెలికలు తిరిగి లేచాయి. సాయంత్రమయ్యేసరికి కాలు బరువెక్కేది. చీలమండ దగ్గర చర్మం నల్లబడి, గోకినచోట పుండు పడింది. ఎన్ని మందు పట్టీలు వేసినా మానలేదు.

"ఉద్యోగం మానెయ్. ఆపరేషనంటూ నరం జోలికి పోతే కాలే పడిపోద్ది. మా పెదనాన్నకి అట్టాగే అయింది," అన్నాడు భర్త గోపాలరావు.

"మీ పెదనాన్నది పక్షవాతం. దీనికీ దానికీ సంబంధమేంది?" అని ఆమె సెలవు పెట్టి గుంటూరు బయలుదేరింది. చేసేది లేక ఆయనా వెంట వెళ్లాడు.

రక్తనాళాల డాక్టరు స్కాన్ చేసి గోపాలరావు వైపు తిరిగాడు. "సార్, పైకి పోవాల్సిన రక్తం కిందికే జారుతోంది. ఇక ఈమెని నిలబడే పని చేయనివ్వకండి."

"కాలు నాదండీ. నాతో చెప్పండి," అంది బసవమ్మ. "పని మానేది లేదు. మళ్లీ బస్సెక్కాలంటే ఏం చేయాల్నో అది చెప్పండి."

డాక్టరు కుర్చీ ఆమె వైపు తిప్పుకుని, ఉన్న దారులు వివరించాడు. పాత పద్ధతిలో గజ్జల్లో కోసి, చెడిన నరాన్ని లాగేస్తారు. లేజర్ అయితే సూది రంధ్రంలోంచి సన్నటి తీగ పంపి, వేడితో నరాన్ని లోపలే మూసేస్తారు. చిన్న నరాలకు నురుగు మందు ఇంజెక్షన్ చాలు.

"మూసేస్తే రక్తం ఎటు పోద్ది?"

"లోపలి పెద్ద నరాలు బాగున్నాయమ్మా, వాటిలోంచి పోతుంది. అవి చెడి ఉంటే నేనే వద్దనేవాణ్ణి."

"మళ్లీ రాదా?"

"వేరే నరం ఉబ్బొచ్చు. బిగుతు సాక్సు వేసుకోవాలి. ఒకేచోట నిలబడకుండా నడుస్తుండాలి."

"నడవటమేగా నా పని! చానా మంచిది, లేజరే చేయండి."

కాలికి మాత్రమే మత్తిచ్చి లేజర్ చేశారు. ఉబ్బిన ముడుల్ని చిన్న గాట్లలోంచి తీసేశారు. సాయంత్రమే నడవమన్నారు. గోపాలరావు చెయ్యి అందించబోతే తోసేసి, వరండా చివరిదాకా ఒక్కతే వెళ్లొచ్చింది. నొప్పి లేదని అబద్ధమాడింది.

పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. డిపోలో కౌంటరు డ్యూటీ ఇస్తామంటే వద్దంది. దారిలో రెంటచింతల ఎండకు సాక్సులో కాలు ఉడికిపోతున్నా మాచర్ల బస్సే ఎక్కింది.

ఈ ఏడు కుడికాలి మీద చిన్న నరం ఒకటి లేచింది. గోపాలరావు నోరు తెరిచేలోపే ఆమె ఇంజెక్షన్‌కి తేదీ ఖాయం చేసుకుని, సెలవు కోసం డిపోకు వెళ్లింది.

"మళ్లీనా?" అన్నారు అక్కడ.

"మళ్లీనే," అంది బసవమ్మ.