చంద్రితో రెండు గుట్టలు

సంగారెడ్డిలో ఉదయం ఆరు గంటలకు నారాయణఖేడ్ బస్సు ఎక్కాను. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు నా వెంట ఒక కుక్క ఉంటుంది, ఎక్కనిస్తారా అని కండక్టరును ముందే అడిగి పెట్టుకున్నాను. ఆయన నా ఆధార్ కార్డు చూసి ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ చేతిలో పెట్టాడు.

"ఆడకుక్కనా, మొగకుక్కనా?"

"ఆడదే."

"అయితే దానికి సుత ఆధార్ కార్డు తీస్కరా. ఫ్రీగ తీస్కపోత."

ముందు సీట్లవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను గానీ, నేను పోతున్న పని నవ్వులాట కాదు. సిర్గాపూర్ దారిలో ఉంటాడు మా మేనమామ మల్లయ్య. మోకాళ్లు మొరాయించడంతో ఈ చలికాలంలో గొర్రెలన్నీ అమ్మేశాడు. అప్పటి నుంచి ఆయన మందకుక్క చంద్రి తిండి సరిగా ముట్టడం లేదు. పశువుల డాక్టరు చూసి రోగమేమీ లేదన్నాడట. "తావు మారితె తింటదేమో బిడ్డా, నువ్వు తీస్కపో. లేకుంటె బతకదు," అని మామ ఫోన్‌లో బతిమాలాడు.

ఎనిమిదిన్నరకు ఖేడ్‌లో దిగాను. షేర్ ఆటో నిండితే గానీ కదలదు కాబట్టి ఇడ్లీ, ఆ తర్వాత చాయ్, అన్నీ నింపాదిగా అయ్యాయి. తొమ్మిదిన్నరకు మామ ఇల్లు చేరాను.

చంద్రి గోడ నీడన పడుకుని ఉంది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. దాని ముందున్న రొట్టె ముక్కలకు చీమలు పట్టాయి.

"మొదలు గుట్ట మీదికి తిప్పుకరా," అన్నాడు మామ, మెడకు తాడు కడుతూ. "నీకు జర అలవాటైతది."

ఊరి వెనక చిన్న గుట్టలు రెండున్నాయి. మెట్లు లేవు, మేకలు నడిచిన బాటే దారి. వెళ్లాలనుకునేవాళ్లు ఎండలు ముదరకముందే వెళ్లండి, నీళ్లు మరిచిపోకండి, ఎర్ర మొరం మీద చెప్పులు జారతాయి. మోదుగులు ఆకు రాల్చి నిండా పూసి ఉన్నాయి. ఫోటో కోసం బాట తప్పితే చాలు, చంద్రి వెనక నుంచి ముక్కుతో నా పిక్కలను పొడిచి మళ్లీ దారిలో పెట్టేది. నన్ను గొర్రె కింద జమకట్టిందని మొదటి గుట్ట దిగేలోపే అర్థమైంది.

రెండో గుట్ట సగం ఎక్కామో లేదో, అవతలి వైపు నుంచి గొర్రెల అరుపులు వినిపించాయి. తాడు నా చేతిలోంచి జారిపోయింది. నేను ఆయాసపడుతూ పైకి చేరేసరికి చంద్రి మంద చుట్టూ తిరుగుతోంది. ఒక్కో గొర్రెనూ వాసన చూస్తోంది.

మంద వెనకున్న ఆమె పేరు పెంటమ్మ, కంగ్టి వైపు మనిషి. మామ దగ్గర గొర్రెలు కొన్నది ఆమే. జొన్న కోసిన చేలల్లో రాత్రిపూట మందను పడుకోబెడితే నేలకు ఎరువు అందుతుంది. అందుకని ఇక్కడి రైతులు పిలిస్తే నిన్ననే వచ్చిందట.

"గొర్లతోటి కుక్కను సుత ఇయ్యమని ఆనాడే అడిగిన," అంది. "ఇంటి మనిషిని అమ్ముకుంటరా అని మీ మామ నా మీద గరమైండు."

ప్రేమకొద్దీ ఇంట్లో ఉంచుకుని చంద్రికి పని లేకుండా చేశాడన్నమాట మామ. పెంటమ్మ సద్దిమూట విప్పి రొట్టె తుంచి వేసింది. చంద్రి తినేసి, ఇంకేదీ అన్నట్టు చూసింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వెంటనే మామకు ఫోన్ చేశాను.

"మామా, చంద్రి రొట్టె తింటుంది."

"నిజంగనా? ఎవలు పెట్టిండ్రు?"

చెప్పాను.

"నువ్వు అమ్మొద్దు మామా, ఊకెనే ఇయ్యి. దాని గొర్లతోటి అదుంటది."

"మొత్తం తిన్నదా?"

"రెండోది సుత అయిపోయింది."

"అయితె ఆడనే ఉండనియ్యి. తాడు ఇప్పు."

విప్పాను. చంద్రి నా వైపు తిరిగి కూడా చూడలేదు, కాస్త మనసు చివుక్కుమంది. ఒక్కదాన్నే దిగుతూ రెండుసార్లు దారి తప్పాను.

మామ ఇంట్లో ఆగింది కాసేపే. దారిలో చంద్రికని అత్త పొద్దున్నే కట్టిపెట్టిన జొన్నరొట్టెలు నా సంచిలోకి వచ్చాయి. మామ నా చేతిలోని తాడు తీసుకుని చూరుకు వేలాడదీశాడు.

నాలుగు గంటల బస్సులో పొద్దున్నటి కండక్టరే ఉన్నాడు.

"ఏదక్కా, నీ చుట్టం?"

"ఆమెకు నౌకరి దొరికింది."

ఖేడ్ దాటాక ఆ రొట్టెలు నేనే తిన్నాను. గుట్టలెక్కిన ఆకలికి ఉత్త రొట్టె కూడా కమ్మగా ఉంది. కిటికీ అవతల మోదుగులు ఇంకా కనిపిస్తుండగా అత్త ఫోన్ చేసింది. మామ పొద్దుటి నుంచి ముద్ద ముట్టలేదట. ఫోన్ ఆయనకిమ్మన్నాను.

"రేపు పొద్దుగాల పెంటమ్మ మంద నీ ఇంటి ముంగలికెల్లే పోతదంట మామా, ఆమెనే చెప్పింది. చంద్రి నిన్ను గిట్ల చూస్తె పరేషాన్ కాదా?"

"గీడికెల్లే పోతదా?"

"ఔ."

"ఏమే, బువ్వ పెట్టు," అని అత్తను కేకేయడం వినిపించింది. కంచం చప్పుడయ్యేదాకా నేను ఫోన్ పెట్టలేదు.