సాంచాలు ఆగిన పూట

మొన్న పక్కింటి పసివాడి గిలక్కాయ మంచం కిందికి దొర్లిపోతే, చేత్తో తడుముతూ ఆ చప్పుడు వెంట నేనూ దూరాను. అంతే, మేం బతకబోయిన బట్టల కార్ఖానాల పేట జోల్వాలో జరిగిన ఆ క్రికెట్టు గుర్తొచ్చి, మంచం కింద నుంచే నవ్వడం మొదలుపెట్టాను. నాకేదో అయిందనుకుని పసివాడి తల్లి మంచినీళ్లు పట్టుకొచ్చింది. ఏం చెప్పను ఆమెకు? మా ఆడబిడ్డ దగ్గర మొదలుపెట్టాలి, ఆమె గురించి మొదలుపెడితే పొయ్యి మీద పప్పు మాడిపోతుంది.

మా ఆడబిడ్డ గోడాదరాలో మా పై వాటాలో ఉండేది. గొంతు మాత్రం వీధి మొత్తానిది. ఆమె కూతురికి పుట్టుకతోనే చూపు లేదు, అంధుల బడిలో చదివేది. ఆ పిల్ల ఒకరోజు "అమ్మా, నాకు క్రికెట్ ఆడాలని ఉంది" అంది. లోపల ఇనుప గుండ్లు గలగలలాడే బంతి ఉంటుందట, నేల మీద దొర్లిస్తారట, ఆ చప్పుడు విని కొట్టాలట. బడి సారు ఎక్కడో అడిగి ఒక్క బంతి అరువు తెచ్చాడు గానీ బ్యాట్లకు, నేర్పే మనిషికి, బండి బాడుగకు డబ్బు లేదు. ఆ మాట చాలు, మా ఆడబిడ్డ చందాల కోసం నూనె డబ్బాకు చీలిక పెట్టి, నన్ను వెంటేసుకుని పగారు, అదే జీతాలు, ఇచ్చే రోజున కార్ఖానాల మీద పడింది. మాలాగే వలసొచ్చి అక్కడ పనిచేసే మావాళ్లు పిసినారులు కారు, అనుమానం మనుషులు. "కండ్లు కానరాని పిలగాండ్లు క్రికెట్ ఎట్ల ఆడుతరక్కా? ముందుగాల ఆడి సూపియ్యి, గప్పుడిస్తం" అన్నారు. "సూపిస్త. కండ్లున్నోళ్లు మీరు జర వచ్చి సూడుండ్రి" అని ఆమె అక్కడికక్కడే ఆదివారం ఖాయం చేసింది. ఇక పిల్లలు ఆడి చూపిస్తేనే డబ్బా నిండుతుంది, లేదంటే ఆ బంతి తిరిగిచ్చేయాల్సిందే.

చోటు ఎంచింది మా ఆయన. జోల్వాలో తాను పనిచేసే కార్ఖానా పక్క ఖాళీ జాగా, అందరికీ దగ్గర. భేష్ అన్నాం. ఆదివారం కుర్చీలొచ్చాయి, చాయ్ వచ్చింది, బండి దిగి పిల్లలొచ్చారు. మా మేనకోడలు బ్యాటు పట్టుకుని నిలబడింది. బంతి దొర్లింది, బ్యాటు గాలిలో ఊగింది, బంతి పక్క నుంచి పోయింది. మళ్లీ అదే, మళ్లీ అదే. వెనక ఎవరో "అయ్యో పాపం" అన్నారు. ఆ మాటంటే మా ఆడబిడ్డకు ఒళ్లు మంట. ఆమె కొంగు దోపుకుని తిరగబోతుంటే పిల్ల అంది: "అత్తా, బాల్ ఇనవడ్తలేదు. సాంచాల లొల్లి ఎక్కువుంది." సాంచాలంటే మరమగ్గాలు. రాత్రింబవళ్లు వాటి మధ్యే బతికినవాళ్లకు ఆ చప్పుడు ఉందన్న ధ్యాసే ఉండదు. చెవులతో ఆడాల్సిన పిల్లల్ని తెచ్చి, చెవులు చిల్లులు పడే చోట నిలబెట్టాం. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

మా ఆడబిడ్డ చెప్పులైనా తొడుక్కోకుండా కార్ఖానాలోకి దూరింది. "అన్నా, జరసేపు బంద్ పెట్టుండ్రే!" అక్కడ కూలి మీటరుకింత, ఆపినంత సేపూ ఎవరి నష్టం వాళ్లదే. సేఠ్ బార్డోలీలో పెళ్లికి పోయాడు కాబట్టి సరిపోయింది. డ్యూటీలో ఉండి కిటికీలోంచి తొంగిచూస్తున్న మా ఆయన ముందు ఆపాడు. తర్వాత పక్కాయన, ఆ పక్కాయన, ఆపై ఎదురు కార్ఖానా. చివరి సాంచా ఆగేసరికి ఎక్కడో నల్లా కారుతున్న చప్పుడు కూడా వినపడింది. అయితే బయటికొచ్చిన మావాళ్లకు మెల్లగా మాట్లాడటం రాదాయె! "సప్పుడు చెయ్యకుండ్రిరా!" అని మా ఆయనే అందరికన్నా గట్టిగా అరిచాడు. చివరికి మా ఆడబిడ్డ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమే నోరు మూసుకున్నాక తక్కినవాళ్లూ మూసుకున్నారు.

ఈసారి గలగల నాక్కూడా వినపడింది. పిల్ల తల వంచి, మోకాలు నేలకానించి, ఊడ్చినట్టు కొట్టింది. బంతి కుర్చీల దాకా పోయింది. మావాళ్లు నోరు విప్పలేదు. భుజాల మీది తువ్వాళ్లు తీసి గిరగిరా ఊపారు, చూపులేని పిల్లల ముందు! పిల్ల చెవి అటూ ఇటూ తిప్పింది, ముఖం చిన్నబోయింది. "అత్తా, ఎవ్వరు సప్పుడు చేస్తలేరేంది? ఔటయిన్నా?" నాకు ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి. "ఫోర్ కొట్టినవ్ బిడ్డా, ఫోర్!" అన్నాను. ఇక చూడాలి ఆ అరుపులు, సాంచాలన్నీ నడిచినా అంత గోల ఉండదు.

డబ్బా నిండాక మిగతాది మా ఆడబిడ్డ కొంగు పట్టి వేయించుకుంది. ఏళ్లు గడిచాయి. బడిలో ఇప్పుడు వారం వారం ఆటే, మా పిల్ల చిన్నవాళ్లకు నేర్పుతోంది. జీవితమంతా గంటల్ని మీటర్లుగా నేసి అమ్ముకున్నాం, అవి ఎవరి ఒంటి మీద చీరలయ్యాయో, ఎక్కడ చిరిగాయో తెలియదు. ఎవరూ ఒక్క పోగు నేయని ఆ గంట మాత్రం ఇంకా మా దగ్గరే ఉంది.