చిన్నమ్మ జవాబు, కోరుట్ల జనం

కోరుట్ల ఫంక్షన్ హాల్లో పాత హిట్ పాటల ప్రోగ్రాం ఉందని మా చిన్నాయన మాటిమాటికీ ఫోన్ చేశాడు. క్యాసెట్ల కాలంలో ఆయన జగిత్యాల వైపంతా పేరున్న గాయకుడు. పేరు తెచ్చింది ఒకటే పాట. అందులో భర్త భార్యను ఎగతాళి చేస్తాడు. వంట రాదంటాడు, మాటంటే చాలు బ్యాగు సర్దుకుంటుందంటాడు. ఇప్పటికీ ఇక్కడ ఆ పాట పెట్టందే పెళ్లి బరాత్ కదలదు.

రెండో చరణంలో భార్య జవాబు చెబుతుంది. ఆ మాటలు నిజంగా మా చిన్నమ్మవే. అయితే మెమరీ కార్డుల రోజుల్లో, వాటిలోకి పాటలెక్కించే మొబైల్ షాపుల వాళ్లు పాటను పొట్టి చేసి ఆ చరణం కోసేశారు. అప్పటి నుంచి ఈ చుట్టుపక్కల ఆడవాళ్లంతా వాదనలో ఓడిపోయినట్టే.

"గీసారి రెండో చరణం పాడుడే. మీ చిన్నమ్మను ముందటి కుర్చీల కూసోవెడ్త. నువ్వు గూడ రా బిడ్డా," అన్నాడు.

పాలు తాగే పాపను ఎత్తుకుని వెళ్లాను. చెవుల్లో దూది, దూది జారకుండా టోపీ, టోపీ వల్ల చెమట పడితే జలుబు చేస్తుందేమోనని విసనకర్ర. స్పీకర్లకు దూరంగా, తలుపుకు దగ్గరగా చోటు వెతికేసరికి సన్మానాలు సగం అయ్యాయి. మిగతా సగం పాటల కంటే పొడుగు.

చిన్నాయన జుట్టుకు కొత్త రంగుతో స్టేజీ ఎక్కాడు. జనం ఫోన్లు పైకెత్తి, మొదటి చరణం ఆయనకంటే గట్టిగా పాడారు. ఆయన చిన్నమ్మ వైపు చూసి, రెండో చరణానికి ఊపిరి తీసుకున్నాడు. సరిగ్గా అప్పుడే హాలంతా ఒక్క గొంతుతో ఒక మొబైల్ షాపు పేరు అరిచింది, బస్టాండు ఎదురుగా అన్న గుర్తుతో సహా.

కోరుట్లలో ఆ పాటను కార్డుల్లోకి ఎక్కించిన షాపాయన, చరణం కోసిన చోట తన ప్రకటన పెట్టుకున్నాడట. షాపు ఎప్పుడో మూతపడింది. ప్రకటన మాత్రం పాటలో కలిసిపోయింది.

చిన్నాయన బిత్తరపోయి, అయినా చరణం ఎత్తుకున్నాడు.

"పాపం, ముసలోడైండు. పాట మర్చిపోయిండు," అన్నాడు నా పక్క కుర్చీ ఆయన.

"మర్చిపోలే, సొంతంగ కలుపుతుండు," అన్నాడు ఆయన వెనకాయన. లేచి నిలబడి, "కాకా, ఒరిజినల్ పాడు," అని కేకేశాడు.

చిన్నమ్మ జవాబు ఒక వరుస వినపడింది. రెండో వరుస మీద మళ్లీ షాపు పేరు పడింది. నిర్వాహకుడు వచ్చి చెవిలో ఏదో చెప్పాడు. చిన్నాయన గొంతు సవరించుకుని, ఆ షాపు పేరు తనే అరిచాడు. ఇక వన్స్‌మోర్‌లు ఆగలేదు. ఇంత గోలలో పాప నిద్రపోయిందేమిటని నాకు భయమేసి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.

స్టేజీ వెనక చిన్నమ్మ ఆయన శాలువా మడతపెడుతోంది.

"ఏమనుకోకు. అచ్చే వారం సిరిసిల్లల పాడుత," అన్నాడు.

"ఆడ పాటల ఏ షాపున్నదో ముందుగాల కనుక్కో," అంది చిన్నమ్మ.

ఆయన అది నిజంగానే ఆలోచించాడు. "బిడ్డా, మీ అత్తగారోళ్లది సిరిసిల్లనే గదా. జర అడుగరాదు?"

పాపను పడుకోబెట్టి మా ఆడబిడ్డకు మెసేజ్ పెట్టాను. ఇప్పుడే జవాబు వచ్చింది. సిరిసిల్లలో తిరిగే పాటలో ఆ చరణం చోట రెండు షాపుల పేర్లు వస్తాయట, వాటిలో ఒకదానికి పండుగ ఆఫర్ కూడా ఉందట. చిన్నాయనకు ఇంకా చెప్పలేదు.