స్కానింగ్ గదిలో శొంఠి వాసన

ఎవరైనా దయ్యాల కథ మొదలుపెడితే లేచి వంటింట్లోకి పోయే రకం నేను. భయంతో కాదు, విసుగుతో. ఏళ్ల తరబడి మైగ్రేన్‌తో వేగుతున్న మనిషికి వేరే దయ్యం అక్కర్లేదు. అందుకే ఈ సంగతి రాయడం నాకే ఇబ్బందిగా ఉంది.

మాది పూల వ్యాపారం. ఇల్లు బహదూర్‌పురాలో, మా ఆయన దుకాణం గుడిమల్కాపూర్ మార్కెట్లో. అమ్ముడుపోని మల్లెల బుట్టలు సాయంత్రం ఇంటికొస్తాయి, మా గది గడప పక్కనే పెడతారు. నాకేమో మల్లె వాసన తగిలితే చాలు, ఎడమ కణత పగిలిపోతుంది, వాంతులవుతాయి.

"పూలమ్ముకొని బతికే ఇంట్ల పూల వాసన పడదంటదేంది? పని ఎగ్గొట్టే నఖరాలు గివన్నీ" అనేది మా అత్తమ్మ.

మా అమ్మదీ ఇదే నొప్పి. యాకుత్‌పురాలో ఒక బడిలో ఆయాగా చేసేది. నొప్పి లేచిన రోజు శొంఠి అరగదీసి నుదుటికి పట్టించి, పాత చీర పేలిక బిగించి, ఎడమ చెవి పైన ముడేసుకుని పనికి పోయేది. "నెత్తి నొస్తుందంటే ఎవలు నమ్ముతరు బిడ్డా? నెత్తురు కారితే గద నమ్మేది" అనేది. నిజంగానే ఎవరూ నమ్మలేదు. అమ్మ పోయిననాడు ఆ పేలిక నుదుటికే ఉంది. విప్పబోతే నేనే వద్దన్నాను, దానితోనే సాగనంపాం.

కిందటేడు ఒక ఆసుపత్రిలో ఈ నొప్పి మీద పరిశోధన చేస్తున్నారని తెలిసి పేరిచ్చాను. ఇంటికి మోరీ ఉన్నట్టే మెదడుకూ మురికి పోయే దారులుంటాయని, అది కడుక్కునేది ఎక్కువగా నిద్రలోనేనని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. మాలాంటి వాళ్లలో ఆ దారులు ఎలా ఉన్నాయో స్కానింగ్‌లో చూస్తారట. నాకున్నది ఒకటే ఆశ. నా నొప్పి ఫొటోలో కనిపించాలి, దాన్ని అత్తమ్మ కళ్లారా చూడాలి.

స్కానింగ్ రోజు, మధ్యాహ్నం వేళ. పుస్తెలతాడు, కమ్మలు, మట్టెలు, జడపిన్నులు అన్నీ తీయించారు. స్కానింగ్ చేసే ఖాదర్ భాయ్ నా తలకు పంజరం లాంటిది బిగించి, అద్దం అవతలి గదిలోకి వెళ్లాడు. మిషన్ లొల్లి మొదలైంది. కాసేపటికి శొంఠి వాసన వచ్చింది. తర్వాత నుదుటి చుట్టూ ఏదో మెల్లగా బిగిసింది. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే అమ్మ అలాగే కట్టేది. నాకు ఏడుపొచ్చింది.

మిషన్ ఆగింది. ఖాదర్ భాయ్ చిరాకు పడుతూ వచ్చాడు.

"అన్నీ తీయమంటె నెత్తికి గుడ్డ గట్లనే ఉంచుకున్నరేందమ్మా? కెమెరాల సాఫ్ కనబడుతుంది."

పంజరం తీశాడు. గుడ్డ లేదు. దిండు ఎత్తి చూశాడు, బల్ల కిందికి వంగి చూశాడు. అమ్మ గురించి గానీ, ఆ పేలిక గురించి గానీ నేనతనికి ఏమీ చెప్పలేదు. చివరికి నా మొహం వంక చూడకుండా, "మళ్ల పండుకోండి" అన్నాడు.

ఫొటోల్లో నాకు కావలసింది దొరకలేదు. అందరివీ కలిపి చూసే పరిశోధన ఇది, ఒక్కరి ఫొటో చూసి ఏమీ చెప్పలేమంది డాక్టరమ్మ. మైగ్రేన్ ఉన్నవాళ్లకు ఒక్కోసారి లేని వాసనలు వస్తాయని కూడా చెప్పింది. ఒప్పుకున్నాను. మరి ఖాదర్ భాయ్‌కి కనిపించిందేమిటని అడిగే ధైర్యం చాలలేదు.

ఉసూరుమంటూ ఇంటికొచ్చాను. తలుపు తీసిన అత్తమ్మ నా నుదురు చూసి ఆగిపోయింది. చేత్తో తడిమింది. నుదుటి చుట్టూ ఎర్రటి వాత, ఎడమ చెవి పైన ముడి అచ్చు.

"గింత గట్టిగ కట్టుకున్నవా? గంత నొస్తదా బిడ్డా?" అంది. ఆమె నన్ను బిడ్డా అనడం అదే మొదలు.

పంజరం ఒత్తిడికి వచ్చిన మచ్చ అనుకుందామంటే, పంజరానికి ముడి ఉండదు. చీకటి పడేసరికి మచ్చ మాసిపోయింది. బుట్టలు మాత్రం మళ్లీ మా గడప దగ్గరికి రాలేదు. దుకాణంలోనే ఉంచమని అత్తమ్మే కొడుకుతో చెప్పింది.

నొప్పి ఇప్పటికీ వస్తూనే ఉంది. ఆరోజు జరిగింది ఏమిటో నాకు ఈనాటికీ అంతుబట్టలేదు. నొప్పి వచ్చినప్పుడు అత్తమ్మే గుడ్డ తడిపి నా తలకు కడుతోంది. అమ్మ మాత్రం బతికినన్నాళ్లూ తానే కట్టుకుంది.